ఆ ప్యాకేజీ ఇంటిపేరేంటి?

గారెలు వండాలంటే మినప్పిండి కావాలి. పిండికి గ్రైండరు కావాలి. గ్రైండరుకి కరెంటు కావాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా పండగపూట విస్తట్లో గారె పడదు. కంప్యూటరువాళ్లు దీన్నే 'డిపెండెన్సీ' అంటారు. పేరు గంభీరంగా ఉందిగానీ సంగతి ఇంతే... ఒకటి నడవాలంటే ఇంకొకటి ముందే అక్కడ ఉండాలి.

లినక్స్ వాడేవాళ్లకి ఈ మాట కాస్త ఎక్కువే తెలుసు. విండోస్‌లో సాఫ్ట్‌వేరు తనకు కావలసిన సరంజామా చాలావరకు తనే మూటగట్టుకుని వస్తుంది. లినక్స్ పద్ధతి వేరు. అక్కడ ప్రతి సాఫ్ట్‌వేరూ ఒక ప్యాకేజీ. వేలాది ప్యాకేజీలను ఒకచోట పేర్చి, ఒకదానితో ఒకటి సర్దుకుంటున్నాయో లేదో చూసి ఇంటర్నెట్‌లో ఉంచే గిడ్డంగి పేరు 'రిపాజిటరీ'. వాడుకలో 'రెపో'. ఫెడోరా అయినా, డెబియన్ అయినా, ఉబుంటు అయినా ఎవరి రెపో వాళ్లకి ఉంటుంది. ఒకే గిడ్డంగి సరుకు వాడినంతకాలం పెద్దగా పేచీ ఉండదు. బయటి గిడ్డంగి సరుకు తెచ్చి అందులో కలిపినప్పుడు మొదలవుతుంది తమాషా!

మరి కలపడం ఎందుకు? సొంత గిడ్డంగిలో లేనిది కావలసి వస్తుంది కాబట్టి. ఉయ్యూరులో మా బావకి అలా కావలసి వచ్చింది ఓ పసిపిల్లాడి పుట్టినరోజు వీడియో.

అది 2008 వేసవి. బందరు రోడ్డు పక్కన బావకి ఆరు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. మా అక్క గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బుతో మొదలెట్టాడు. గంటకి 15 రూపాయలు. కాలేజీ పిల్లలు, ఉద్యోగాల దరఖాస్తులవాళ్లు, అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి వచ్చే పెద్దవాళ్లు... వ్యాపారం బాగానే ఉండేది. ప్రాణాలు తోడేసింది మాత్రం పెన్‌డ్రైవ్ వైరస్సులు. పొద్దున శుభ్రం చేసిన కంప్యూటరు సాయంత్రానికి మళ్లీ మూలుగుతూ ఉండేది. వారానికోసారి అన్నీ తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించుకోలేక, విసిగిపోయి, ఆరింటిలోనూ లినక్స్ వేసేశాడు.

అప్పట్లో లినక్స్ దొరకడం కష్టమేం కాదు. లినక్స్ ఫర్ యూ, పీసీ క్వెస్ట్ లాంటి పత్రికలు డిస్కులు ఉచితంగా ఇచ్చేవి. ఉబుంటు అయితే, అడిగితే చాలు, సీడీని పైసా తీసుకోకుండా పోస్టులో ఇంటికే పంపేది. 2011 దాకా నడిచింది ఆ ముచ్చట. బావ చేతికి వచ్చింది ఫెడోరా 8 డీవీడీ. వైరస్సుల బెడద ఆ రోజుతో తీరింది. పాటలు, వీడియోల బెడద మొదలైంది.

మా వీధి చివర ఉండే మామ్మగారు ఒక రోజు చేతిసంచిలో డీవీడీ పట్టుకొచ్చారు. డాలస్‌లో ఉన్న కొడుకు పంపాడు. మునిమనవడు కాదు, మనవడే, లేటుగా పుట్టాడు. మొదటి పుట్టినరోజు. ఆవిడ వాణ్ని ఇంకా చూడలేదు. వాళ్లింట్లో డీవీడీ ప్లేయరు లేదు. "ఒక్కసారి వెయ్యి నాయనా, చూసి పోతాను" అన్నారు. బావ డిస్కు పెట్టాడు. ఈ రకం వీడియో నాకు తెలియదు పొమ్మంది ఫెడోరా.

తెలియక కాదు. చట్టం ఒప్పుకోక. డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలోనూ, శబ్దం ఎక్కువగా ఏసీ-3 పద్ధతిలోనూ ఉంటాయి. పాటల ఎంపీ3 లాగే ఇవన్నీ అప్పట్లో అమెరికాలో పేటెంట్ల కింద ఉండేవి. ఫెడోరా వెనక ఉన్న రెడ్‌హ్యాట్ అమెరికా కంపెనీ. అందుకే వాటిని విప్పే ప్యాకేజీలను తన గిడ్డంగి గుమ్మం తొక్కనిచ్చేది కాదు. మన పేటెంట్ చట్టం చూస్తే, 3(కె) సెక్షను ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రామన్నది ఆవిష్కరణ కిందికే రాదు. అయినా సరే, ఉయ్యూరులో ఒక మామ్మగారు తన మనవణ్ని చూడాలా వద్దా అన్నది అమెరికా చట్టం తేల్చింది. నాకైతే ఇప్పటికీ అది వింతగానే ఉంటుంది.

ఆ ఖాళీని పూరించినవాళ్లే బయటి రెపోలవాళ్లు. యూరప్‌లోనో మరోచోటో ఉండి, జీతం భత్యం లేకుండా, ఫెడోరాలో లేని ప్యాకేజీలను తయారుచేసి పెట్టేవాళ్లు. లివ్నా, ఫ్రెష్‌ఆర్‌పీఎమ్స్, డ్రిబుల్, ఏటీఆర్‌పీఎమ్స్, డాగ్ వీర్స్ అనే ఆయన నడిపిన గిడ్డంగి... ఇలా చాలా ఉండేవి. ఎవరి సరుకు వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. వాళ్లలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. బావ ఎవరి సరుకు తెచ్చాడన్నది కూడా ఇక్కడ అనవసరం. ఒక రెపో జత చేశాడు, బొమ్మ కదిలింది, శబ్దం రాలేదు. శబ్దం కోసం రెండో రెపో జత చేశాడు. అదీ తంటా.

ఫెడోరాలో ప్యాకేజీలు తెచ్చి పెట్టే పనివాడి పేరు అప్పట్లో 'యమ్'. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మా అక్క "యముడా?" అని అడిగింది. మేం నవ్వాం. తర్వాత చూస్తే ఆవిడన్నదే నిజమైంది! యమ్‌కి సరుకు ఎవరి గిడ్డంగిదో పట్టదు. రెండు చోట్ల ఒకే పేరుతో ఉంటే వెర్షన్ నంబరు ఏది పెద్దదో అది పట్టుకొస్తుంది. వీడియోలు విప్పే 'లిబ్‌ఏవీకోడెక్' అనే భాగం రెండు గిడ్డంగుల్లోనూ ఉంది. మొదటివాళ్ల ప్లేయరు పాతదానికి అలవాటుపడింది. రెండోవాళ్ల ప్లేయరుకి కొత్తది కావాలి. వంటింట్లో 'కారం' అని రాసిన డబ్బా ఒక్కటే పట్టే చోట, ఒక వంటాయన గుంటూరు కారం కావాలనీ, ఇంకొకాయన బళ్లారి కారం లేకపోతే పొయ్యి ముట్టించననీ కూర్చున్నట్టన్నమాట. అంతటితో ఆగలేదు. శబ్దానికి సంబంధించి ఫెడోరా సొంత సరుకు ఒకటి ఉంటే, నంబరు పెద్దదని రెండో రెపో సరుకుతో దాన్ని కూడా మార్చేసింది యమ్.

తెర మీద 'మిస్సింగ్ డిపెండెన్సీ' అని పడింది. బావకి ఎవరో చిట్కా చెప్పారు... కమాండు చివర 'నోడెప్స్' అని తగిలిస్తే డిపెండెన్సీల గోల వినకుండా పెట్టేస్తుందని. నిజమే, పెట్టేస్తుంది. కరెంటు లేకపోయినా గ్రైండరు కొని ఇంట్లో పెట్టుకోవచ్చుగా! ఆరు కంప్యూటర్లలోనూ అలాగే పెట్టాడు. ప్లేయరు తెరవగానే మూతపడేది. ఆ పైన కొత్త అప్‌డేటు ఏది అడిగినా, ముందు పాత తగువు తేల్చమని యమ్ భీష్మించుకునేది. సరే, తెచ్చినదాన్నే తీసేద్దామని ఆ శబ్దం ప్యాకేజీని తీసెయ్యమన్నాడు. యమ్ ఒక జాబితా చూపించింది. దాని మీద ఆధారపడినవన్నీ తీసేస్తాను, సరేనా అని. బావ 'వై' కొట్టాడు. పావుగంట తర్వాత ఆరో నంబరు కంప్యూటరు తెర నల్లగా, మూలన ఒక గీత మినుక్కుమంటూ మిగిలింది. డెస్క్‌టాప్ మొత్తం పోయింది.

పదో తరగతి ఫలితాలు వారంలో ఉన్నాయి. ఫలితాల రోజు నెట్ సెంటర్‌కి పండగ. పిల్లలూ తల్లిదండ్రులూ రోడ్డు దాకా నిలబడతారు. మార్కుల కాగితం తీసివ్వడానికి ప్రింటుకింత అని తీసుకునేవాళ్లు. బ్యాంకు వడ్డీ ఆ రెండు రోజుల్లో తేలిపోయేది. అక్క ఏమీ అనలేదు. అనకుండా ఉండటమే బావని ఎక్కువ భయపెట్టింది.

అక్కడికి దేవుడిలా వచ్చాడో ఎంసీఏ కుర్రాడు. బెజవాడలో చదువుకుంటూ, శనాదివారాలు ఇంటికొచ్చినప్పుడు మా సెంటర్‌లో కూర్చునేవాడు. నేను అప్పుడు ఇంటర్. ఆ రెండు రోజులూ అతని పక్కనే ఉన్నాను. ఏవేవో చకచకా కొట్టేస్తాడనుకున్నా. కుర్చీ లాక్కుని కూర్చుని మొట్టమొదట అడిగింది ఒకటే...

"అన్నయ్యా, 'వై' కొట్టేముందు ఏమేం తీసేస్తానందో చదివారా?"

బావ తల అడ్డంగా ఊపాడు. "నూట డెబ్బై పైన ఉన్నాయి తమ్ముడూ" అన్నాడు.

"ఒక ప్యాకేజీ తీసెయ్యడానికి నూట డెబ్బై పోతాయంటోందంటే, అది ఏదో చెప్పాలని చూస్తోందన్నయ్యా" అన్నాడా కుర్రాడు.

తర్వాత అతను చేసిన పని నేను మర్చిపోలేను. ఓ లాంగ్ నోట్‌బుక్ తెప్పించాడు. కంప్యూటర్లో ఉన్న ప్యాకేజీలన్నిటి పేర్లూ తెర మీదికి రప్పించాడు. వెయ్యికి పైగా వరుసలు. "పేరు చివర చూడు" అన్నాడు నాతో. చూస్తే ఒక్కో పేరు చివర ఒక గుర్తు. ఫెడోరా 8 సొంత సరుకు చివర 'ఎఫ్‌సీ8' అని ఉంది. బయటి రెపోలు కూడా దేని గుర్తు అది తగిలించుకున్నాయి. మనకి ఇంటిపేరు ముందు ఉంటుంది, వీటికి చివర. అంతే తేడా! "ఎవరు ఏ ఇంటివాళ్లో తేలిస్తే సగం పని అయినట్టే" అని, బయటి ఇంటిపేర్లు ఉన్నవాటిని నాచేత రాయించాడు. ఒక రెపోవి ఎడమ పేజీలో, రెండోదానివి కుడి పేజీలో. అన్నీ కలిపి నలభై ఒకటి తేలాయి. వెయ్యిలో తప్పిపోయిన సూది అనుకున్నది కాస్తా రెండు పేజీల లెక్కయింది.

ముందు రెండు రెపోలకీ తలుపులు మూశాడు. తర్వాత తీసెయ్యడం. దానికీ ఒక వరుస ఉంది. ఎవరికీ ఆధారం కానివాటిని, అంటే ప్లేయర్లను, మొదట పంపాలి. వాటి కింద ఉన్న భాగాలను తర్వాత పంపాలి. పందిరి విప్పేవాళ్లు పైన ఆకులు తీశాకే గుంజలు పీకుతారు కదా. ప్రతి అడుగులోనూ జాబితా చదివాడు. 'ఎఫ్‌సీ8' ఇంటిపేరు ఒక్కటి కనిపించినా 'ఎన్' కొట్టి వెనక్కి వచ్చాడు. మారిపోయిన ఫెడోరా సొంత సరుకును మాత్రం తీయలేదు. డీవీడీలో అసలుది ఉంది, నంబరు చిన్నదైనా ఫర్వాలేదు పెట్టమని చెప్పి దాన్నే పైన పెట్టించాడు. ఆరో నంబరు కంప్యూటరు సంగతి చూడలేదు, డీవీడీ పెట్టి మొత్తం మళ్లీ ఎక్కించేశాడు. దానికి పోయింది ముప్పావుగంట. మిగిలిన ఐదూ బాగుచేయడానికి రెండు రోజులు! "అన్నీ తుడిచేస్తే తొందరగా అయిపోయేదిగా" అన్నాన్నేను. "అయిపోయేది. మళ్లీ నెల తర్వాత ఇదే వచ్చేది" అన్నాడు.

ఆఖర్న చేసింది అసలు పని. యమ్‌కి 'ప్రయారిటీస్' అనే చిన్న తోక తగిలించాడు. దాంతో ప్రతి రెపోకీ ఒక అంకె ఇవ్వొచ్చు. చిన్న అంకెది పెద్దరికం. ఫెడోరాకి 1. బయటిదానికి 10. ఇక బయటివాళ్ల దగ్గర ఎంత పెద్ద నంబరు వెర్షన్ ఉన్నా, అదే పేరు సరుకు ఇంట్లో ఉంటే యమ్ అటు కన్నెత్తి చూడదు. ఇంట్లో లేనిది మాత్రమే బయటి నుంచి వస్తుంది. రెండు బయటి రెపోలలో, ఫెడోరా సరుకు జోలికి రానని మాటిచ్చిన ఒకదాన్నే మళ్లీ తెరిచాడు. రెండోదాన్ని తెరవలేదు. ఆ కాలంలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండులో కొన్ని ప్లాన్లకి రాత్రి 2 గంటల నుంచి పొద్దున 8 దాకా ఎంత దించుకున్నా లెక్క ఉండేది కాదు. కావలసినవన్నీ ఆ వేళలో దించుకున్నాం. తెల్లవారేసరికి వీడియో పాడింది, ఆడింది.

మామ్మగారికి కబురు పెట్టాం. ఆవిడ మూడుసార్లు చూశారు. కేకు కోసేటప్పుడు పిల్లాడు కొవ్వొత్తి పట్టుకోబోతే తెర మీదికి చెయ్యి చాపి ఆపబోయారు. గంట లెక్కన 15 రూపాయలు టేబుల్ మీద పెట్టబోతే బావ తీసుకోలేదు.

ఇక్కడ యమ్ గురించి ఒక మాట. దాన్ని తయారుచేసిన సేత్ విడాల్, మైఖేల్ స్టెన్నర్ అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగంలో పనిచేసేవాళ్లు. ఎల్లోడాగ్ అనే లినక్స్‌లోని పనిముట్టును తీసుకుని తిరగరాశారు. కోట్లాది మంది కంప్యూటర్లకి దాన్ని ఏళ్ల తరబడి మోసిన విడాల్, 2013 జూలైలో సైకిలు మీద వెళ్తుండగా కారు గుద్ది చనిపోయారు. మా అక్క పెట్టిన పేరు తలుచుకుంటే ఆ వార్త చదివిన రోజు మనసు చివుక్కుమంది.

ఇంత తెలివైన పనిముట్టు ఈ చిన్న తగువు తనంత తనే తీర్చుకోలేదా అని మీకు అనిపించవచ్చు. చిన్నది కాదు. ఇరవై ప్యాకేజీలున్నాయి, ఒక్కోటి రెండేసి వెర్షన్లలో దొరుకుతోంది అనుకోండి. ఎన్ని రకాలుగా కలపొచ్చు? 10,48,576 రకాలు! ఇరవైకే ఇంతైతే వేలకి ఎంతో ఊహించుకోండి. ఒక ప్యాకేజీని ఏ తగువూ లేకుండా పెట్టగలమా లేదా అన్న ప్రశ్న, గణితంలో అతి కష్టమైన లెక్కల కోవలోకే వస్తుందని ఐరోపాలో ఎడోస్ అనే ప్రాజెక్టు పరిశోధకులు నిరూపించారు. ఇప్పుడు యమ్ స్థానంలో 'డీఎన్ఎఫ్' వచ్చింది. 2015లో ఫెడోరా 22 నుంచి అదే. దాని లెక్కల బుర్ర చాలా మెరుగు. ప్రయారిటీ అంకె దానిలోనే ఉంది. 'డిస్ట్రో-సింక్' అంటే దారితప్పిన ప్యాకేజీలను రెపోలో ఉన్న వెర్షన్లకి తెస్తుంది. 'హిస్టరీ అన్‌డూ' అంటే నిన్న చేసిన పనిని వెనక్కి తిప్పడానికి చూస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఇదే పనిని 'పిన్నింగ్' అంటారు. అక్కడ మామూలుగా ప్రతి రెపోకీ 500 మార్కులు, ఎక్కువ మార్కులవాడిదే పెద్దరికం. బయటివాళ్లకి 100 వేస్తే ఇంట్లో లేని సరుకే అక్కడి నుంచి వస్తుంది. ఏ ప్యాకేజీ ఎక్కణ్నుంచి వచ్చిందో 'ఆప్ట్ పాలసీ' అని అడిగితే చెబుతుంది. పీపీఏ అనే బయటి రెపోలను తెచ్చుకుని పశ్చాత్తాపపడేవాళ్లకి 'పీపీఏ-పర్జ్' ఉండనే ఉంది.

అయినా ఆ 'వై' మాత్రం మనమే కొట్టాలి. 2021 నవంబరులో కెనడా యూట్యూబరు లైనస్ సెబాస్టియన్ (లినక్స్ కనిపెట్టిన లైనస్ కాదు) పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో ఆటల కోసం స్టీమ్ పెట్టబోయాడు. ఆ సమయానికి సొంత రెపోలోనే ప్యాకేజీల మధ్య పొత్తు కుదరలేదు. స్టీమ్ కావాలంటే డెస్క్‌టాప్ తీసెయ్యాలి, అంత పట్టుదల ఉంటే 'యెస్, డూ యాజ్ ఐ సే!' అని టైపు చెయ్యమంది కంప్యూటరు. ఆయన అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. లక్షల మంది చూశారా వీడియో. చాలామంది నవ్వారుగానీ నాకు ఉయ్యూరులో ఆరో నంబరు తెర గుర్తొచ్చింది.

ఒక చిన్న తేడా చెప్పనా? యమ్ జాబితా చూపించి అడిగే ప్రశ్న చివర బ్రాకెట్లో 'వై' చిన్నక్షరం, 'ఎన్' పెద్దక్షరం. అంటే ఏమీ చదవకుండా ఎంటర్ కొడితే 'వద్దు' అనే తీసుకుంటుంది. ఉబుంటులో ఆప్ట్ దానికి ఎదురు. ఊరికే ఎంటర్ కొడితే 'సరే' అన్నట్టు. నన్నడిగితే యమ్‌దే పెద్దమనిషి తరహా.

బయటి రెపోలవాళ్ల తగువు కూడా ఒక కొలిక్కి వచ్చింది. మా గొడవ జరిగిన అదే 2008 నవంబరులో లివ్నా, ఫ్రెష్‌ఆర్‌పీఎమ్స్, డ్రిబుల్ కలిసిపోయి 'ఆర్‌పీఎమ్ ఫ్యూజన్' అయ్యాయి. ఫెడోరా ప్యాకేజీలను మార్చకూడదన్నది దాని నియమం. ఎంపీ3 పేటెంట్లు 2017లో ముగిశాయి, ఫెడోరా దాన్ని తన గిడ్డంగిలోకి తెచ్చుకుంది. ఎంపెగ్-2కి అమెరికాలో 2018తో గడువు తీరింది. ఇక 'ఫ్లాట్‌పాక్' లాంటి కొత్త పద్ధతుల్లో ప్రతి సాఫ్ట్‌వేరూ తన వంటసామాను తనే తెచ్చుకుంటుంది. గుంటూరు కారం, బళ్లారి కారం వేరువేరు గదుల్లో ఉంటాయి కాబట్టి కొట్లాట లేదు. కాకపోతే ఇల్లు ఇరుకవుతుంది. డిస్కులో చోటు బోలెడు తినేస్తుంది.

ఇదంతా పాటలూ వీడియోల కోసమే అనుకోకండి. తెర మీద తెలుగు అక్షరం ఒత్తులతో సహా సరిగ్గా పడాలన్నా ఇలాంటి గొలుసే. ఫాంటు ఒక ప్యాకేజీ, ఒత్తుని ఎక్కడ పెట్టాలో చూసేది ఇంకో ప్యాకేజీ, వాటిని పిలిచే సాఫ్ట్‌వేరు మరొకటి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కుర్రాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చినప్పుడు మోసిన బరువులో ఈ సర్దుబాట్లు కూడా ఉన్నాయి.

ఫోన్లు వచ్చాక నెట్ సెంటర్ పోయింది. అదే షట్టరులో ఇప్పుడు బావది జిరాక్సు, డీటీపీ. ఆరింటిలో ఒక కంప్యూటరు స్థానంలో లినక్సే నడుస్తోంది. దాని పక్క సొరుగులో ఆ లాంగ్ నోట్‌బుక్ ఉంది. కొత్తగా బయటి రెపో ఏది జత చేసినా తేదీ వేసి, ఎందుకు చేశాడో ఒక ముక్క రాస్తాడు. అప్‌డేటు పెట్టినప్పుడల్లా తీసేసేవాటి జాబితా పైకి చదవడం అలవాటైపోయింది. జిరాక్సుల కోసం వచ్చినవాళ్లు వింతగా చూస్తుంటారు. లోపల్నుంచి మా అక్క కేకేస్తుంది...

"ఏమండీ, ఈసారి యముడు ఎవర్ని పట్టుకెళ్తున్నాడు?"